కాల్చే ముందు చదివి వినిపించండి

తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ, గిరిజన సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ సంస్థ సంచాలకులకు, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా యంత్రాంగానికి జైనూర్ మండలం నుంచి బహిరంగ లేఖ

మాన్యులారా,

పాత కాగితాన్ని ఒకసారి స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించాక దాని పని అయిపోయిందని, ఆపైన అది రికార్డు గదిలో చోటు తినే చెత్త మాత్రమేనని భావించే ధోరణి ప్రభుత్వ కార్యాలయాల్లో కొన్నేళ్లుగా బలపడుతున్నది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేస్తూ, వారి చేతిలో ఉన్న దస్త్రాలన్నింటినీ వెంటనే స్వాధీనం చేసుకోవాలని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్లాయి. అదే ఏడాది అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఈ మార్పుల మధ్య ఏ ఊరి బస్తా ఏ గదికి చేరింది, ఎన్ని పహాణీలు, అంటే భూమి ఎవరిది, సాగు ఎవరిది అని రాసే ఊరి రిజిస్టర్లు, ఉన్నాయి, ఎన్ని లేవు అని తెలిపే జాబితా ఏ గ్రామసభ ముందుకు వచ్చింది? పోర్టల్ పేరు మారిన ప్రతిసారీ ప్రకటనలు వచ్చాయి గాని, ఆ పోర్టల్‌కు మూలమైన కాగితం ఏ స్థితిలో ఉన్నదో చెప్పే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మీలో ఎవరు జవాబు చెబుతారు?

ఈ ప్రశ్న ఏ జిల్లాలోనైనా న్యాయమైనదే అయినా, జైనూర్ వంటి షెడ్యూల్డు ప్రాంతంలో దాని బరువు వేరు. 1959 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన 1963 డిసెంబరు 1 నుంచి తెలంగాణకు వర్తించింది. దాన్ని 1970 ఫిబ్రవరిలో సవరించిన నిబంధననే జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, అందుకు విరుద్ధంగా రుజువయ్యేంతవరకు, గిరిజనుడి నుంచి సంక్రమించినట్టే భావించాలి. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు కాగితం పోయినా గిరిజనుడికి నష్టమేమిటని అడిగేవారు ఉంటారు. నష్టం ఎక్కడంటే, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో విచారణ నడిచినప్పుడు గిరిజనేతరుడి పక్షాన తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా, శిస్తు రసీదు, 1963కు ముందే కొన్నామన్న వాదన వరుసగా దాఖలవుతాయి. ఆ వాదన నిజమో కాదో తేల్చగలిగిన ఒకే ఒక్క తటస్థ సాక్షి ప్రభుత్వం చేతిలోని 1950ల నాటి పహాణీ. ఆ పహాణీ ‘దొరకలేదు’ అన్న ఒక్క వాక్యపు జవాబుతో చట్టం ఇచ్చిన రక్షణ కాగితం లేక ఓడిపోతుంది. నిజంగానే ఆ గడువుకు ముందు నుంచి ఇక్కడ సాగు చేసుకుంటున్న గిరిజనేతర కుటుంబానికీ ఆ పహాణీ తప్ప వేరే దిక్కు లేదు. ఇరుపక్షాలకూ అక్కరకు వచ్చే సాక్షిని పోగొట్టే అధికారం ఎవరు ఎవరికి ఇచ్చారు?

ఆ కాగితాలు ఎలాంటివో మీ కంప్యూటర్ విభాగాలకు తెలిసినట్టు లేదు కనుక కొంత వివరంగా చెప్పవలసి వస్తున్నది. నిజాం కాలపు సర్వే ముగిశాక సర్వే నంబర్ల వారీగా విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు రాసిన మూల రిజిస్టరు సేత్వార్. ఒక్కొక్క నంబరు కొలతలు గీసిన చిత్రం టిపన్. 1358 ఫస్లీ నాటి, అంటే సుమారు 1948-49 నాటి, హక్కుల రికార్డు నిబంధన కింద 1954-55లో తయారైనది ఖాస్రా పహాణీ. ఆ వెంటనే వచ్చిన మూడేళ్ల రిజిస్టరు చెస్సలా పహాణీ. ఫస్లీ అన్నది పంట కాలాన్ని బట్టి లెక్కించే రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలిపితే దాదాపుగా మన సంవత్సరం వస్తుంది. వీటిలో పాతవి ఎక్కువగా ఉర్దూలో, అదీ రాయసగాళ్ల గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఆ లిపిలో అక్షరానికి అక్షరానికి తేడా తరచుగా చుక్కల్లోనే ఉంటుంది. కింద ఒక చుక్క పెడితే ‘బ’, మూడు పెడితే ‘ప’, పైన రెండు పెడితే ‘త’. హ్రస్వ స్వరాలు రాయరు కనుక ఒక గోండు ఇంటిపేరు రెండు మూడు విధాలుగా చదవడానికి వీలుంటుంది. అన్నింటికీ మించి, ఉర్దూ అంకెల్లో సున్న ఒక చుక్క. పన్నెండో నంబరు పక్కన పురుగు కొట్టిన రంధ్రం నలుపు తెలుపు స్కాన్‌లో చుక్కగా పడితే అది నూట ఇరవై అవుతుంది. నూట ఇరవైలోని చుక్క వెలిసిపోయి స్కాన్‌కు అందకపోతే అది పన్నెండు అవుతుంది. అసలు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అది సిరానా, రంధ్రమా అన్నది క్షణంలో తేలుతుంది. ఆ కాగితాన్ని తూకానికి అమ్మేశాక తేల్చవలసిన వారు దేన్ని వెలుతురుకు పట్టాలి?

పైగా స్కాన్ చేసినవారు పుటలన్నీ చేశారని ఎవరు ధ్రువీకరించారు? అంచున ఎర్ర సిరాతో రాసిన దిద్దుబాటు, వెనుక పుటన తహశీల్దారు వేసిన ముద్ర, పక్కన కుట్టిన మిసల్, అంటే ఆ దిద్దుబాటుకు కారణమైన విచారణ కాగితాల కట్ట, ఇవన్నీ కలిస్తేనే ఒక నమోదుకు అర్థం వస్తుంది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తరువాత కొత్త రికార్డులో అనుభవదారు కాలమ్ లేకుండా పోయిన చేదు అనుభవం ఈ రాష్ట్రానికి ఉన్నది. పట్టా ఒకరి పేర, సాగు మరొకరి చేతిలో ఉండటమే సాధారణమైన ఈ కొండల్లో ఆ ఒక్క కాలమ్ ఎంతమంది జీవితమో మీకు తెలియనిది కాదు. ఆ కాలమ్‌ను మళ్లీ నింపవలసి వచ్చినప్పుడు మీరైనా తిరగేయవలసింది పాత పహాణీనే.

ఇక ఆ పాత పహాణీ ఎక్కడున్నదన్నది మరో చిక్కు. 1984 జనవరిలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయి ఊరి లెక్కలు ఇళ్ల నుంచి కార్యాలయాలకు చేరాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో రాష్ట్రం వేరుపడింది. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలైంది. ప్రతి విభజనలోనూ ఉద్యోగుల పంపకానికి, వాహనాల పంపకానికి, కుర్చీల పంపకానికి కమిటీలు కూర్చున్నాయి. దస్త్రాల మాటేమిటి? జైనూర్ మండలంలోని ఒక కొలాం గూడెం రైతు తన తాత పేరున్న కాగితం కోసం మండల కార్యాలయానికి వెళ్లాలా, ఉట్నూరు వెళ్లాలా, ఆసిఫాబాద్ వెళ్లాలా, ఆదిలాబాద్ వెళ్లాలా, లేక మూడు వందల కిలోమీటర్ల అవతలి తార్నాకకు వెళ్లాలా? ఈ ప్రశ్నకు ఒక్క పుటలో జవాబు రాసి కార్యాలయం గోడకు అంటించడం ఏ బడ్జెట్టూ అక్కరలేని పని.

అటవీ హక్కుల చట్టం ఈ చిక్కును ఇంకా బిగించింది. 2006 నాటి ఆ చట్టం ప్రకారం గిరిజనుడు 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి తన స్వాధీనంలో ఉన్నట్టు చూపాలి; అడవిని నమ్ముకుని బతికే ఇతరులు ఆ తేదీకి ముందు మూడు తరాల నుంచి ఉన్నట్టు చూపాలి. తరమంటే పాతికేళ్లని చట్టమే నిర్వచించింది కనుక మూడు తరాలంటే డెబ్భై అయిదేళ్లు, అంటే 1930 నాటి రుజువు. నియమావళి అంగీకరించే సాక్ష్యాల్లో గెజెటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంట్ నివేదికలు, పటాలు, అటవీ వర్కింగ్ ప్లాన్లు, పట్టాలు, కమిటీల నివేదికలు ఉన్నాయి; పెద్దల వాంగ్మూలం, వంశవృక్షం కూడా చెల్లుతాయి. పెద్దల మాటను, ప్రధాన్‌లు కికిరి వాయిస్తూ పాడే వంశగాథను గోండులు తమ వంతుగా కాపాడుకున్నారు. మొదటి కోవకు చెందిన సాక్ష్యమంతా మీ బీరువాల్లో ఉన్నది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే పోడు పట్టాల పంపిణీ ప్రారంభమైంది. ఆ జాబితాకు ఎక్కని దరఖాస్తుదారుణ్ణి రుజువేదని అడుగుతున్నది ఎవరు, ఆ రుజువును దాచవలసింది ఎవరు?

ఇటువంటి వైపరీత్యం బ్రిటన్‌లో ఎంత దూరం వెళ్లిందో మీకు తెలిసే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధానంతరం కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో వచ్చి స్థిరపడ్డవారి రాక తేదీలున్న చీటీలను అక్కడి హోం శాఖ క్రాయిడన్ కార్యాలయపు నేలమాళిగలో దాచి, స్థలం ఖాళీ చేసే క్రమంలో 2010లో ధ్వంసం చేసింది. ఆ తరువాత అదే శాఖ ఆ వృద్ధులను ఎప్పుడొచ్చారో రుజువు చూపమన్నది. చూపలేనివారు ఉద్యోగాలు, వైద్యం, కొందరు దేశమే కోల్పోయారు. 2018లో ఆ సంగతి బయటపడి మంత్రి రాజీనామా చేసినా, ధ్వంసమైన చీటీలు తిరిగి రాలేదు. తాను పోగొట్టిన కాగితాన్ని పౌరుణ్ణి చూపమనే ప్రభుత్వం ఎక్కడున్నా ఒకేలా ప్రవర్తిస్తుందన్నది అక్కడి అనుభవం.

మీ సంరక్షణలో ఉన్న కాగితాల్లో భూమి లెక్కలు మాత్రమే లేవు. 1940లో జోడేఘాట్‌లో నిజాం ప్రభుత్వంతో పోరాడుతూ కుమ్రం భీం నేలకొరిగాడు. ప్రజలు ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఆయన వర్ధంతి జరుపుతారు. ఆ రోజును వారు చంద్రుణ్ణి బట్టి గుర్తుపెట్టుకున్నారు. కాల్పులు జరిపిన ప్రభుత్వం తన ఫైళ్లలో తేదీలు, ఉత్తర్వులు, పోలీసుల నివేదికలు రాసుకుని ఉంటుంది. ఆ ఫైళ్లకు సమగ్ర సూచిక ఈ జిల్లాలోని ఏ పాఠశాలకైనా అందిందా? ఆ పోరాటం తరువాతే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడి గిరిజనుల స్థితిగతుల పరిశీలనకు నియమించింది. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ నివసించిన మార్లవాయి ఈ జైనూర్ మండలంలోనే ఉన్నది. ఆయన నివేదికలను నిజాం రెవెన్యూ శాఖే 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో అచ్చువేసింది. వాటి ఫలితంగా 1940ల్లో లక్ష ఎకరాలకు మించిన భూమికి గిరిజనుల పేర లావణి పట్టాలు, అంటే ప్రభుత్వ భూమిని సాగుదారుకు అప్పగిస్తూ ఇచ్చే పట్టాలు, మంజూరయ్యాయి. ఆ పట్టాల మంజూరు రిజిస్టర్లు నేడు ఏ గదిలో ఉన్నాయి? హైమన్‌డార్ఫ్ దినచర్య పుస్తకాలు, ఛాయాచిత్రాలు లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రంగా ఉన్నాయి. మార్లవాయి మనుషుల ముఖాలు లండన్‌లో దొరికి, వారి పట్టా నంబర్లు సొంత జిల్లాలో దొరకని రోజు వస్తే అది ఎవరికి సిగ్గుచేటు?

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో 13 మంది మరణించారన్నది ప్రభుత్వ లెక్క. పౌరహక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. నాలుగు దశాబ్దాలు దాటిన ఆ సంఘటనకు సంబంధించిన మెజిస్టీరియల్ కాగితాలు, ఆసుపత్రి నమోదులు, పోలీసు ఉత్తర్వులు రహస్యమనిపించుకునే వయసు ఎప్పుడో దాటాయి. ఇరవై ఏళ్లు నిండిన సంగతులకు మినహాయింపుల్లో చాలా భాగం వర్తించదని సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షను మూడో ఉపవిభాగమే చెబుతున్నది. మరి ఆ ఫైళ్లు తార్నాకకు చేరాయా? చేరకపోతే ఉన్నాయా?

చట్టం మాట వచ్చింది కనుక అదీ చూడాలి. కేంద్రం 1993లో పబ్లిక్ రికార్డ్స్ చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి కార్యాలయంలో ఒక రికార్డుల అధికారి ఉండాలి. సమీక్షించకుండా, జాబితా రాయకుండా ఏ కాగితాన్నీ నాశనం చేయకూడదు. 1892కు ముందటి దాన్ని, పనికిరానంతగా శిథిలమైతే తప్ప, అసలు ముట్టకూడదు. అక్రమంగా ధ్వంసం చేస్తే అయిదేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. పాతికేళ్లు నిండిన శాశ్వత విలువ గల ఫైళ్లు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఈ చట్టం కేంద్ర కార్యాలయాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకే గాని రాష్ట్ర కార్యాలయాలకు వర్తించదు. కొండ దిగితే కనిపించే మహారాష్ట్ర 2005లో, మరో పొరుగు రాష్ట్రం కర్ణాటక 2010లో తమ తమ పబ్లిక్ రికార్డ్స్ చట్టాలు చేసుకున్నాయి. తెలంగాణలో మండల కార్యాలయపు గుమాస్తా నేటికీ చేతికందుకునేది ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అన్న పాత ముద్రలనే. ముగిసిన ఫైలు మీద ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్. అని వేస్తే పదేళ్ల తరువాత తీసేయవచ్చు, ఎల్.డిస్. అయితే ఇంకా ముందే. ఒక గోండు రైతు భూమి ఫిర్యాదు మీద ‘చర్య అక్కరలేదు’ అని రాసి డి.డిస్. ముద్ర వేసిన క్షణంలో ఆ ఫిర్యాదు ఆయుష్షు పదేళ్లకు కుదించుకుపోతుంది. ఆ ముద్ర వేసే చేతికి దాని చారిత్రక విలువ నేర్పినది ఎవరు?

సమాచార హక్కు చట్టం 2005 నుంచి మీకు వర్తిస్తూనే ఉన్నది. దాని నాలుగో సెక్షను మొదటి వాక్యమే దస్త్రాలను జాబితా కట్టి, సూచికలతో ఉంచాలన్న ఆజ్ఞ. ఫైలు కనబడటం లేదన్నది చట్టం గుర్తించిన మినహాయింపు కాదని, వెతికించి, బాధ్యుణ్ణి తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లో స్పష్టం చేసింది. అయినా ‘రికార్డు లభ్యం కాలేదు’ అన్న జవాబు దరఖాస్తుదారులకు ఎందుకంత సుపరిచితమైంది?

కాపాడటం అసాధ్యమని, నిధులు లేవని చెప్పడం మరో అలవాటు. తార్నాకలో షాజహాన్, ఔరంగజేబు కాలపు మొగలు కాగితాలు లక్షన్నర దాకా ఉన్నాయి. పీలికల గుజ్జుతో చేతితో చేసిన ఆ కాగితం మూడు వందల ఏళ్లకు పైగా నిలిచింది. యుద్ధకాలంలోనూ, ఆ తరువాతా వాడిన చెక్కగుజ్జు కాగితం తనలోని ఆమ్లంతో తానే పెళుసుబారి, అరవై ఏళ్లకే మడత దగ్గర విరుగుతున్నది. అంటే ఆదరణ ఎక్కువ కావలసింది బాదుషా ఫర్మానాకు కాదు, 1960ల పహాణీకి. ఈ పని ఖరీదైన యంత్రాలతో మొదలు కాదు. గోడకు ఆనని ఇనుప అరలు, నేల నుంచి జానెడు ఎత్తు, కారని కప్పు, చెదల మందు, వానాకాలంలో తేమ చేరని కిటికీలు, గట్టిగా బిగించని గుడ్డ కట్టు, ప్రతి బస్తా మీద చదవగలిగే చీటీ, వీటితో సగం పని అవుతుంది. మిగతా సగానికి చిరుగులు పలుచటి కాగితంతో అతికే పనివాడు, పాత ఉర్దూ రాత చదవగలిగే మనిషి కావాలి. అటువంటి మనుషులు తగ్గిపోతున్నారు. ఒక్కొక్కరు పదవీ విరమణ చేసిన కొద్దీ ఒక్కో బీరువా మూగపోతున్నది. వారి స్థానంలో కొత్తవారిని తర్ఫీదు చేయకుండా స్కానర్లు కొనడం ఏ రకమైన ఆధునికత?

నిర్లక్ష్యం తరువాతి మెట్టు ఏమిటో 2024లో పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ చూపించింది. ఆ జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఆ నెల మొదట్లోనే కృష్ణా కరకట్ట మీద ప్రభుత్వ కాగితాలు తగలబెడుతుంటే జనం పట్టుకున్నారు. విచారణలు, అరెస్టులు దర్యాప్తు సంస్థల పని. మీరు ఆలోచించవలసింది వేరు: ఏ గదిలో ఏమున్నదో ముందే ప్రకటించిన జాబితా ఉంటే, కాలినదేదో మరునాడే తేలేది, జాబితా లేనిచోట నిప్పు పెట్టినవాడికి, నిప్పు అంటుకుందని చెప్పేవాడికి తేడా కనిపెట్టడం కష్టం.

జైనూర్ పక్కనే నార్నూర్ మండలంలో గుంజాల అన్న గ్రామం ఉన్నది. అక్కడి గోండులు తమ లిపిలో రాసిన వ్రాతప్రతులను తరతరాలుగా ఇళ్లలో దాచుకున్నారు. జయధీర్ తిరుమలరావు తదితర పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చాక, 2018లో ఆ గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో, అంటే ప్రపంచంలోని లిపులన్నింటికీ కంప్యూటర్ సంకేతాలిచ్చే ప్రమాణంలో, చోటు దక్కింది. ఇనుప బీరువా లేదు, నెలజీతపు రికార్డ్ కీపర్ లేడు, ఏసీ గది లేదు. పొగ, వాన, చెదలు అన్నీ ఉన్న ఇళ్లలో ఆ కాగితం బతికింది, అది తమదని వారు అనుకున్నారు కనుక. మీ గదుల్లోని పహాణీలో పేర్లున్నదీ ఆ మనుషులవే. ఆ కాగితానికి మీరు కాపలాదారులు మాత్రమే, సొంతదారులు కారు.

కనుక ఈ ప్రాంత ప్రజలు మిమ్మల్ని కోరేది పెద్దదేమీ కాదు. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రతి మండల, డివిజన్ కార్యాలయంలో ఉన్న 1970కి ముందటి భూమి, అటవీ దస్త్రాల జాబితాను గ్రామాల వారీగా అచ్చువేసి గ్రామసభ ముందు పెట్టండి. స్కాన్ అయినా కాకపోయినా ఆ కాలపు అసలు కాగితాన్ని నాశనం చేయబోమని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. ఆ తరువాతి వాటిలో దేన్నయినా తీసేయదలిస్తే దాని పేరు, సంవత్సరం, కారణం మూడు నెలల ముందు ఆ ఊళ్లో తెలుగులోనూ గోండిలోనూ చదివి వినిపించండి. అభ్యంతరం వస్తే తార్నాక నుంచి ఒకరు వచ్చి చూసేదాకా ఆగండి. రాష్ట్రానికి సొంత పబ్లిక్ రికార్డ్స్ చట్టం తెచ్చే బిల్లును శాసనసభ ముందుకు తీసుకురండి. అందులో శిక్ష గుమాస్తాతో ఆగకుండా, సంతకం పెట్టిన అధికారి దాకా వెళ్లేలా రాయండి. ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలకు కలిపి ఒక ప్రాంతీయ ఆర్కైవ్స్ శాఖను ఉట్నూరులోనో ఆసిఫాబాద్‌లోనో తెరవండి. తాత పేరు వెతుక్కునే మనిషి హైదరాబాద్ బస్సు ఎక్కనవసరం లేకుండా చేయండి.

అంతవరకు జైనూర్ మండలానికి సంబంధించిన ఒక్క బస్తా కూడా, ఏ కార్యాలయంలో ఉన్నా సరే, వేలానికి గాని మంటకు గాని వెళ్లకూడదు.

ఇట్లు,
జైనూర్ మండల ప్రజల పక్షాన